కృత్రిమ మేధస్సు: డెబ్బై ఏళ్ల జోస్యాలు



ఈ మధ్య పత్రిక తెరిచినా, టీవీ పెట్టినా, సెల్‌ఫోను చేతిలోకి తీసుకున్నా ఒక మాట తరచుగా చెవిన పడుతోంది. ఇంకో రెండేళ్లలోనో, ఐదేళ్లలోనో, మహా అయితే పదేళ్లలోనో మనిషిని మించిన తెలివి యంత్రానికి వస్తుందట. జబ్బులన్నీ నయమవుతాయట. పేదరికం పోతుందట. ప్రతి బిడ్డకూ ఒక మంచి గురువు ఫోనులోనే దొరుకుతాడట. ఈ మాటలు చెబుతున్నవారు వీధి మలుపులో చిలకజోస్యం చెప్పేవాళ్లు కారు. ప్రపంచంలోకెల్లా పెద్ద కంపెనీల అధిపతులు, లెక్కకు అందని ఆస్తిపరులు. అంతటివాళ్లు చెబుతున్నారంటే నిజమే అయి ఉంటుందని అనిపించడం సహజం.

నమ్మాలా వద్దా అన్నది కాసేపు పక్కన పెడదాం. పల్లెలో ఎవరైనా అప్పు అడగడానికి వస్తే పెద్దవాళ్లు ఏం చేస్తారు? ఇదివరకు తీసుకున్న అప్పు ఏమైందో, చెప్పిన గడువుకు తీర్చాడో లేదో ఆరా తీస్తారు. ఈ జోస్యాలు కూడా మన నమ్మకాన్ని అప్పు అడగడానికి వచ్చినవే. కాబట్టి పాత పద్దులు ఒకసారి తిరగేద్దాం. ఆ పద్దుల పుస్తకం వయసు డెబ్బై ఏళ్లు దాటింది.

మొదటి పద్దు భాషకు సంబంధించినది. రెండు మూడు భాషల నడుమ బతికే మనకు ఇది తేలికగా అర్థమవుతుంది. 1954 జనవరి 7వ తేదీన న్యూయార్కులో ఐ.బి.ఎం. కంపెనీ, జార్జిటౌన్ విశ్వవిద్యాలయం కలిసి ఒక ప్రదర్శన ఏర్పాటు చేశాయి. అరవైకి పైగా రష్యన్ వాక్యాలను కంప్యూటరు ఇంగ్లీషులోకి మార్చి చూపించింది. పత్రికలు దాన్ని గొప్పగా రాశాయి. ఆ పనిలో ముఖ్యుడైన ఆచార్యుడు లియోన్ డోస్టర్ట్, ఐదేళ్లలో, బహుశా మూడేళ్లలోనే, ముఖ్యమైన రంగాలలో యంత్రానువాదం నెరవేరిన సంగతి కావచ్చునని ప్రకటించాడు.

మరి ఆ ప్రదర్శన వెనుక ఉన్న సరంజామా ఎంత? 250 మాటలు, ఆరు వ్యాకరణ సూత్రాలు. వాక్యాలు ముందుగా ఏరి పెట్టుకున్నవి. 250 మాటలతో సంతలో కూరగాయల బేరం కూడా సాగదు కదా! కానీ అది అమెరికా, రష్యాల మధ్య ప్రచ్ఛన్న యుద్ధం నడుస్తున్న కాలం. రష్యన్ పత్రాలు చదవవలసిన అవసరం అమెరికా ప్రభుత్వానికి ఉంది. అందువల్ల పరిశోధనకు డబ్బు వచ్చింది. పన్నెండేళ్లు గడిచాక, 1966లో, జాన్ పియర్స్ అధ్యక్షుడుగా ఉన్న నిపుణుల సంఘం ఒక నివేదిక ఇచ్చింది. యంత్రం చేసే అనువాదం మనిషి చేసేదానికంటే నిదానమనీ, తప్పులు ఎక్కువనీ, ఖర్చు రెట్టింపనీ తేల్చింది. ప్రభుత్వం డబ్బు చాలావరకు ఆగిపోయింది. ఆ రంగం మళ్లీ కోలుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది.

మన తెలుగు సంగతి కూడా చూడండి. గూగుల్ అనువాద సేవలోకి తెలుగు 2011 జూన్‌లో వచ్చింది. కన్నడ, తమిళాలు కూడా అప్పుడే వచ్చాయి. అది కూడా ఇంకా పరీక్షదశలో ఉందని చెప్పి ఇచ్చినదే. ఐదేళ్లన్న పని మన గుమ్మం దాకా రావడానికి యాభై ఏడేళ్లు పట్టిందన్నమాట. వచ్చింది, నిజమే. చెప్పినప్పుడు రాలేదు, చెప్పిన తీరున రాలేదు. ఈ రెండు ముక్కలూ గుర్తుంచుకోండి, మళ్లీ అవసరం పడతాయి.

రెండో పద్దు 1956 నాటిది. ఆ వేసవిలో అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో కొందరు శాస్త్రజ్ఞులు సమావేశమయ్యారు. దానికి ముందు సంవత్సరం జాన్ మెకార్తీ, మార్విన్ మిన్‌స్కీ, నథానియల్ రోచెస్టర్, క్లాడ్ షానన్ అనే నలుగురు కలిసి రాక్‌ఫెల్లర్ ఫౌండేషనుకు ఒక దరఖాస్తు పెట్టారు. కృత్రిమ మేధస్సు అన్న పేరు ప్రచారంలోకి వచ్చింది ఆ దరఖాస్తుతోనే. పదిమంది రెండు నెలలు కలిసి పనిచేస్తే, యంత్రం చేత భాష వాడించడం, దానికదే మెరుగుపడేట్లు చేయడం వంటి సమస్యల్లో ఒకటి రెండింటిలోనైనా చెప్పుకోదగ్గ ముందడుగు వేయవచ్చునని అందులో రాశారు. 13,500 డాలర్లు అడిగితే ఫౌండేషను 7,500 డాలర్లు ఇచ్చింది. రెండు నెలల పని అనుకున్నది మూడు తరాలుగా సాగుతోంది.

ఆ సమావేశానికి వచ్చినవారిలో హెర్బర్ట్ సైమన్ ఒకరు. 1957లో ఆయన ఒక ఉపన్యాసంలో, పదేళ్లలోపల చదరంగంలో ప్రపంచ విజేత కంప్యూటరే అవుతుందని చెప్పారు. అంటే 1967 నాటికి కావాలి. అసలు జరిగింది ఎప్పుడు? 1997 మే నెలలో, ఐ.బి.ఎం. తయారుచేసిన డీప్ బ్లూ అనే కంప్యూటరు గారీ కాస్పరోవ్‌ను ఓడించినప్పుడు. పదేళ్ల గడువు నలభై ఏళ్లయింది. 1965లో సైమన్ ఇంకో అడుగు ముందుకు వేసి, ఇరవై ఏళ్లలో మనిషి చేయగల ఏ పనినైనా యంత్రాలు చేయగలుగుతాయని రాశారు. 1985 వచ్చింది, వెళ్లింది. సైమన్ సామాన్యుడు కాడు. 1978లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్న మేధావి. తన శాస్త్రంలో ఎంత గొప్పవాడైనా, రాబోయే కాలానికి గడువు కట్టడంలో అందరిలాంటి మనిషేనని దీనివల్ల తెలుస్తోంది.

1958 జులైలో మరో వార్త. ఫ్రాంక్ రోసెన్‌బ్లాట్ అనే శాస్త్రజ్ఞుడు అమెరికా నౌకాదళం డబ్బుతో పర్సెప్ట్రాన్ అనే పద్ధతి రూపొందించి చూపించారు. యాభై ప్రయత్నాల తరువాత కంప్యూటరు, గుర్తు ఎడమవైపు ఉందా కుడివైపు ఉందా అన్నది తనంతట తాను తెలుసుకోగలిగింది. అది ఆ రోజులకు మెచ్చుకోవలసిన పనే. కానీ పత్రికలో ఏం వచ్చింది? ఈ యంత్రం మున్ముందు నడుస్తుంది, మాట్లాడుతుంది, చూస్తుంది, రాస్తుంది, తనలాంటి యంత్రాలను తానే పుట్టిస్తుంది, తాను ఉన్నానన్న స్పృహ కూడా కలిగి ఉంటుందని నౌకాదళం ఆశిస్తున్నట్లు వచ్చింది. కుడి ఎడమల తేడా తెలిసిన మరునాడే ఆత్మజ్ఞానం! ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని మనవాళ్లు ఊరికే అనలేదు.

ఇలాంటి మాటలు పెరిగి పెరిగి, ఫలితాలు రాక, 1973లో బ్రిటన్‌లో సర్ జేమ్స్ లైట్‌హిల్ ఇచ్చిన నివేదికతో అక్కడ కృత్రిమ మేధస్సు పరిశోధనకు గట్టి దెబ్బ తగిలింది. అమెరికాలో కూడా ఆ దశాబ్దంలోనే డబ్బు తగ్గింది. తరువాత ఆ రంగం వాళ్లే ఇలాంటి రోజులకు శీతకాలం అని పేరు పెట్టుకున్నారు.

అయితే ఈ పుస్తకంలో అన్నీ మొండి బకాయిలేనా? కాదు. గడువుకు తీరిన బాకీ ఒకటి ఉంది. అందులో మన తెలుగువాడి చేయి ఉండటం సంతోషించవలసిన విషయం. డబ్బాల రాజగోపాలరెడ్డి, ప్రపంచానికి రాజ్ రెడ్డిగా తెలిసినవారు, 1937లో చిత్తూరు జిల్లా కాటూరు గ్రామంలో పుట్టారు. మద్రాసు గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, ఆస్ట్రేలియా మీదుగా అమెరికా చేరి, స్టాన్‌ఫర్డ్‌లో మెకార్తీ వద్ద పరిశోధన చేసి 1966లో డాక్టరేటు తీసుకున్నారు. 1969లో సైమన్ పనిచేస్తున్న కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలోనే చేరారు. ఆయన పట్టుకున్న సమస్య, మనిషి మాటను యంత్రం వినగలగడం.

1971లో అమెరికా రక్షణశాఖ పరిశోధన సంస్థ ఈ పనికి ఐదేళ్ల పథకం పెట్టింది. ఆ పథకం గమ్యాన్ని ఎలా రాసుకున్నారో గమనించండి. యంత్రం మనిషిలా వింటుంది అని రాయలేదు. సుమారు వెయ్యి మాటల పరిధిలో, ఫలానా రకం వాక్యాలను, ఇంతకు మించని తప్పులతో గుర్తించాలి, 1976 లోపల పూర్తికావాలి అని రాసుకున్నారు. కార్నెగీ మెలన్‌లో తయారైన హార్పీ అనే వ్యవస్థ 1976లో ఆ గమ్యం చేరుకుంది. అయినా ప్రభుత్వం పథకాన్ని పొడిగించలేదు. మాట వినే యంత్రం సామాన్యుడి ఫోనులోకి రావడానికి మరో ముప్ఫై ఐదేళ్లు పట్టింది. 1994లో రాజ్ రెడ్డికీ, ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌కీ కలిపి కంప్యూటర్ శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారం ఇచ్చారు. కొలతా, గడువూ ఉన్న మాట ఎలా ఉంటుందో ఈ పద్దు చెబుతుంది. తప్పితే తప్పిందని, తీరితే తీరిందని ఎవరైనా చూసి చెప్పగలరు.

ఆ తరువాత జపాన్ వంతు వచ్చింది. 1982లో ఆ దేశ ప్రభుత్వం ఐదోతరం కంప్యూటర్ల పథకం మొదలుపెట్టింది. పదేళ్లలో మనిషితో మాట్లాడే, అనువాదం చేసే, తర్కించే కంప్యూటర్లు తయారవుతాయని ప్రపంచమంతా అనుకుంది. అమెరికా, బ్రిటన్ కంగారుపడి తామూ పథకాలు పెట్టాయి. సుమారు 40 కోట్ల డాలర్లు ఖర్చయ్యాక, 1992లో, కొనేవాళ్లు లేని ఆ సాఫ్ట్‌వేరును కావలసినవారు ఉచితంగా తీసుకోవచ్చునని జపాన్ ప్రకటించింది.

ఇంతవరకు మనం చూసిన జోస్యాలు చాలావరకు విశ్వవిద్యాలయాల ఆచార్యులవి, ప్రభుత్వ శాఖలవి. మాట తప్పినప్పుడు దెబ్బ వాళ్లకే తగిలింది. డబ్బు ఆగింది, పరువు పోయింది. ఇక్కడి నుంచి కథ మలుపు తిరుగుతుంది. జోస్యం చెప్పే మనిషి ప్రయోగశాల నుంచి కదిలి షేర్ మార్కెట్టుకు వచ్చాడు.

2011 ఫిబ్రవరిలో ఐ.బి.ఎం. వారి వాట్సన్ అనే వ్యవస్థ అమెరికాలో జెపర్డీ అనే టీవీ క్విజ్ పోటీలో ఇద్దరు మేటి విజేతలను ఓడించింది. ఇక వైద్యంలోకి దిగుతుందనీ, క్యాన్సర్ రోగులకు ఏ చికిత్స చేయాలో వైద్యుడికి సలహా ఇస్తుందనీ ప్రచారం జరిగింది. టెక్సాస్‌లోని ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ ఆసుపత్రి దాన్ని తీసుకుంది. 2017లో బయటికి వచ్చిన టెక్సాస్ విశ్వవిద్యాలయం ఆడిట్ నివేదిక ప్రకారం ఆ పథకం మీద 6 కోట్ల 20 లక్షల డాలర్లు ఖర్చయ్యాయి. రోగుల చికిత్సలో వాడుకకు రాకుండానే పథకం ఆగిపోయింది. 2022లో ఐ.బి.ఎం. తన వాట్సన్ వైద్యవిభాగం ఆస్తులను మరో కంపెనీకి అమ్మేసింది. క్విజ్‌లో ప్రశ్నకు జవాబు ఒకటే ఉంటుంది. రోగి మంచం దగ్గర అలా ఉండదు. ప్రదర్శనకూ, రోజువారీ పనికీ మధ్య ఉన్న ఈ దూరమే 1954లోనూ ఉంది, 2017లోనూ ఉంది.

ఇంకో పద్దు చూడండి. 2019 ఏప్రిల్ 22న టెస్లా కార్ల కంపెనీ అధిపతి ఎలాన్ మస్క్, మరుసటి సంవత్సరానికి డ్రైవరు అక్కరలేని టాక్సీలు పది లక్షలకు పైగా రోడ్ల మీద ఉంటాయని చెప్పారు. సుమారు పది రోజులకు ఆ కంపెనీ షేర్లూ, బాండ్లూ అమ్మి 200 కోట్ల డాలర్లకు పైగా పెట్టుబడి సమకూర్చుకుంది. ఆ పెట్టుబడిదారులతో మాట్లాడుతూ, డ్రైవరులేని కార్ల వల్ల కంపెనీ విలువ 50 వేల కోట్ల డాలర్లకు చేరుతుందని మస్క్ చెప్పినట్లు వార్తలు వచ్చాయి. 2020 వచ్చింది. అలాంటి టాక్సీ ఒక్కటి కూడా రాలేదు. కానీ 2020 నవంబరులో కంపెనీ విలువ మాత్రం ఆ 50 వేల కోట్లు దాటింది. చివరికి 2025 జూన్‌లో ఆస్టిన్ నగరంలో కొద్దిపాటి కార్లతో, ముందు సీట్లో కంపెనీ మనిషిని కూర్చోబెట్టి ఆ సేవ మొదలుపెట్టారు. కావాలని అబద్ధం చెప్పారని నేను అనడం లేదు. మనిషి మనసులో ఏముందో ఎవరు చూశారు? ఫలితం మాత్రం చూడండి. జోస్యం తప్పింది, చెప్పినవారి ఆస్తి పెరిగింది. పాత రోజుల ఆచార్యులకు ఈ వసతి లేదు.

2024 సెప్టెంబరులో ఓపెన్ ఏఐ కంపెనీ అధిపతి శామ్ ఆల్ట్‌మన్ ఒక వ్యాసం రాశారు. కొన్ని వేల రోజుల్లో మానవులను మించిన మహామేధస్సు రావచ్చనీ, ఇంకా ఎక్కువకాలం పట్టినా పట్టవచ్చనీ అన్నారు. కొన్ని వేల రోజులంటే ఎంత? మూడు వేలంటే ఎనిమిదేళ్ల పైచిలుకు. ఐదు వేలంటే పదమూడేళ్లు దాటుతుంది. ఇంకా ఎక్కువ పట్టవచ్చు అన్న మాటతో ఆ గడువు కూడా పోయింది. మన బడిలో పిల్లవాడు లెక్కకు ఇలాంటి జవాబు రాస్తే మార్కులు వేస్తామా? ఆ వ్యాసం వచ్చిన పదిరోజుల లోపే, అక్టోబరు మొదట్లో, ఆ కంపెనీ 660 కోట్ల డాలర్ల పెట్టుబడి సమకూర్చుకున్నట్లు ప్రకటించింది. అదే అక్టోబరులో ఆంత్రోపిక్ కంపెనీ అధిపతి డారియో అమొడై, శక్తిమంతమైన కృత్రిమ మేధస్సు 2026 నాటికే రావచ్చుననీ, వచ్చాక జీవశాస్త్రంలో యాభై నూరేళ్ల ప్రగతి ఐదు పదేళ్లలో జరగవచ్చుననీ రాశారు. దీనివల్ల వచ్చే అపాయాల గురించి కూడా ఆయన హెచ్చరిస్తూ వచ్చారు. అయినా ఆ కంపెనీ కూడా ఇతరుల పెట్టుబడితో నడిచేదే. ఆశ ఎంత పెద్దదైతే పెట్టుబడి అంత పెద్దది. తన మజ్జిగ పులుపని అమ్ముకునేవాడు చెప్పడు కదా!

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఇదంతా విని, కృత్రిమ మేధస్సు అంతా బూటకమని అనుకుంటే అది కూడా పొరపాటే. ప్రోటీన్ అణువుల ఆకృతిని కనిపెట్టే ఆల్ఫాఫోల్డ్ అనే వ్యవస్థకు 2024 రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిలో వాటా దక్కింది. 2022 నవంబరులో వచ్చిన చాట్ జీపీటీ, మనిషి రాసినట్లే వాక్యాలు రాసి లోకాన్ని ఆశ్చర్యపరచింది. చదరంగం జోస్యం ఆలస్యంగానైనా ఫలించింది. దిశ చాలాసార్లు సరిగానే చెప్పారు. తప్పినవి గడువు, పరిమాణం. మన బతుకులకు కావలసినవి మాత్రం ఆ రెండే. వాన కురుస్తుంది అన్నది ఎప్పటికైనా నిజమే. ఏ కార్తెలో ఎంత కురుస్తుందో తెలియకుండా రైతు విత్తనం వేయగలడా?

ఈ తేడా ఎంత ఖరీదైనదో ఒక్క ఉదాహరణ. 2016లో జెఫ్రీ హింటన్ అనే గొప్ప శాస్త్రజ్ఞుడు, ఎక్స్‌రేలూ స్కానింగులూ చూసి రోగం చెప్పే రేడియాలజిస్టులకు శిక్షణ ఇవ్వడం ఇప్పుడే ఆపాలనీ, ఐదేళ్లలో యంత్రం వాళ్లకంటే బాగా చేస్తుందనీ అన్నారు. హింటన్‌కు 2024లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. ఆ ఐదేళ్లు మాత్రం 2021కే గడిచిపోయాయి. అమెరికాలో రేడియాలజిస్టుల కొరత ఉందన్న మాటే ఇంకా వినిపిస్తోంది. కాలం విషయంలో పొరబడ్డానని ఆయనే 2025లో ఒప్పుకున్నారు. ఒప్పుకోవడం ఆయన పెద్దరికం. కానీ 2016లో ఆ మాట విని ఆ చదువు మానుకున్న వైద్యవిద్యార్థి ఎవరైనా ఉంటే, ఆ ఏళ్లు అతనికి ఎవరు తిరిగి ఇస్తారు?

ఇప్పుడు మన ఇంటి సంగతికి వద్దాం. యంత్రమే గురువవుతుందన్న మాట కొత్తది కాదు. 1913లో, సినిమా యంత్రాలు తయారుచేసి అమ్మే థామస్ ఎడిసన్, త్వరలో బడుల్లో పుస్తకాలకు పని ఉండదనీ, సినిమాలతోనే చదువు సాగుతుందనీ, పదేళ్లలో బడి స్వరూపం పూర్తిగా మారిపోతుందనీ చెప్పారు. మన రేడియోను కూడా వదలలేదు. 1945లో అమెరికాలో ఒక బడుల రేడియో అధికారి, తరగతి గదిలో నల్లబల్ల ఎంత మామూలో రేడియో పెట్టె కూడా అంత మామూలయ్యే రోజు రావచ్చునన్నాడు. రేడియోలో మాట్లాడుతూ ఈ మాట చెప్పడం నాకు కొంచెం ఇబ్బందే! మన దేశంలో 1975 ఆగస్టు నుంచి ఒక సంవత్సరం పాటు ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు టీవీ పాఠాలు ప్రసారం చేశారు. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒరిస్సా వాటిలో ఉన్నాయి. తెలుగులోనూ కార్యక్రమాలు వచ్చాయి. అది మేలైన ప్రయోగం, మన శాస్త్రజ్ఞులకు ఎంతో నేర్పింది. అయినా మాస్టారి అవసరం తీరలేదు. ఆ తరువాత పెరూ దేశంలో ఎనిమిది లక్షలకు పైగా ల్యాప్‌టాప్‌లు పిల్లలకు పంచారు. 319 గ్రామీణ పాఠశాలల్లో జరిపిన అధ్యయనం, లెక్కల్లో గాని, భాషలో గాని పిల్లల చదువు మెరుగైన దాఖలా లేదని 2012లో తేల్చింది.

2023 ఏప్రిల్‌లో బిల్ గేట్స్, పద్దెనిమిది నెలల్లో కృత్రిమ మేధస్సు ఉపాధ్యాయుడికి సహాయకుడిగా వచ్చి పిల్లల రాతను సరిదిద్దడంలో తోడ్పడుతుందనీ, మున్ముందు ఏ మనిషికీ తీసిపోని గురువవుతుందనీ చెప్పారు. ఇంగ్లీషు చదువు, కంప్యూటర్లు, ఇంటర్నెట్టు ఉన్న బడుల్లో ఇందులో మొదటి భాగం కొంతవరకు జరిగింది కూడా. మన బడుల మాటేమిటి?

నేను రెండు భాషల్లో పాఠం చెప్పే ఉపాధ్యాయుణ్ణి కాబట్టి ఈ ప్రశ్న నన్ను వదలదు. ఈనాటి యంత్రం మనుషులు రాసిపెట్టిన రాతల నుంచి నేర్చుకుంటుంది. రాత ఎక్కువగా ఉన్న భాషలో అది గట్టిది. రాత తక్కువైన చోట తడబడుతుంది. పుస్తకాల తెలుగు దానికి కొంత వచ్చింది. కానీ హోసూరు తెలుగు, బళ్ళారి తెలుగు, రాయగడ తెలుగు, సిరివంచ తెలుగు ఎక్కడ రాసి ఉన్నాయి? మన అవ్వల నాలుక మీద ఉన్నాయి. పక్క భాషల మాటలు కలుపుకొని, పాత తెలుగు మాటలు కొన్ని దాచుకొని, మనం మాట్లాడే తెలుగు కాగితం మీద పడిందే తక్కువ. అది వినని యంత్రానికి అది రాదు.

పర్లాకిమిడిలో బడిపంతులుగా పనిచేసిన గిడుగు వెంకట రామమూర్తి గారిని తలచుకోండి. ఆ ఊరు 1936లో ఒరిస్సాలో చేరింది. రాతే లేని సవర భాషను ఆయన సవరల నోటి నుంచి విని నేర్చుకున్నారు. 1931లో ఆ భాషకు వ్యాకరణ గ్రంథం, 1938లో నిఘంటువు వెలువరించారు. ఏళ్ల తరబడి కూర్చొని విన్నారు. ఆయన సవరకు ఎప్పుడు ఏమవుతుందో జోస్యం చెప్పలేదు, ఆ భాష కోసం చేయవలసిన పని చేశారు. అలా ఒకరు విని రాసిన తరువాతే ఏ యంత్రానికైనా ఆ భాష అందుతుంది.

మన రాజ్యాంగంలో 350-ఎ అధికరణం ఉంది. 1956లో చేర్చారు. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే సదుపాయం కల్పించడానికి రాష్ట్రాలు ప్రయత్నించాలని అది చెబుతుంది. రేపు ఎవరైనా వచ్చి, యంత్రం అనువాదం చేస్తుంది, యంత్రమే పాఠం చెబుతుంది, ఇక ఈ బడిలో తెలుగు మాస్టారి పోస్టు ఎందుకు అని అడిగితే మనం ఏం జవాబు చెప్పాలి? యంత్రం రావడానికి ఎన్నేళ్లు పట్టినా పోస్టు పోవడానికి ఒక్క ఉత్తర్వు చాలు. ఆ తరువాత జోస్యం ఐదేళ్లు ఆలస్యమైందంటే, మన బిడ్డకు ఆ ఐదేళ్లే ఒకటో తరగతి నుంచి ఐదో తరగతి దాకా.

కాబట్టి శ్రోతలారా, ఇలాంటి మాట ఎవరు చెప్పినా నాలుగు ప్రశ్నలు అడగండి. ఒకటి, సరిగ్గా ఏం చేస్తుందంటున్నారు, ఎప్పటిలోగా? కొలతా గడువూ రెండూ లేకపోతే అది మాట కిందికి రాదు. రెండు, చూపించినది ప్రదర్శనా, లేక మనలాంటివాళ్ల మధ్య రోజూ జరిగే పనా? మూడు, మనం నమ్మితే చెప్పినవారికి వచ్చే లాభం ఏమిటి? నాలుగు, మాట తప్పితే నష్టం ఎవరిది? ఈ నాలుగో ప్రశ్నకు జవాబు చెప్పినవారిదే అయితే కొంత నమ్మవచ్చు. మన పిల్లలదే అయితే, యంత్రం వచ్చి మన కళ్లముందు పని చేసి చూపించేదాకా ఉన్నదాన్ని వదులుకోకూడదు.

మీ పిల్లలను కంప్యూటరుకు దూరంగా ఉంచమని నేను చెప్పడం లేదు. కాటూరు కుర్రవాడు దాన్ని వదలలేదు కాబట్టే అంతటివాడయ్యాడు. కొత్త విద్య నేర్పించండి, వాడుకోండి. దాంతోపాటు ఇంట్లో తెలుగు మాట్లాడండి, బడిలో తెలుగు మాస్టారు ఉండేలా అడగండి. మీ ఊరి పెద్దవాళ్ల మాటలు, సామెతలు, పాటలు పిల్లల చేత ఒక నోటుపుస్తకంలో రాయించండి. రేపు యంత్రం నిజంగానే అంతటిదైతే దానికి మన తెలుగు నేర్పడానికి ఆ పుస్తకం పనికివస్తుంది. కాకపోతే మన మనవలకు పనికివస్తుంది.